ఆటలు, క్యాంపులు చదువును తినేస్తున్నాయా?

ప్రశ్న: మాది కామారెడ్డి జిల్లాలో ఒక పల్లె. నాలుగెకరాల సాగు ఉంది, మా ఇంటావిడ బీడీలు చుడుతుంది. మా అమ్మాయి పక్క ఊళ్లోని జిల్లా పరిషత్ హైస్కూల్లో తొమ్మిదో తరగతి చదువుతోంది. ఎనిమిదిలో ఎన్‌సీసీలో చేరింది, ఖోఖో జట్టులో ఆడుతోంది, ఈ ఏడాది బడి లీడరుగా కూడా ఎన్నికైంది. రోజూ ఇంటికి చేరేసరికి ఆరున్నర దాటుతోంది. పోయిన ఏడాది గణితంలో 78 మార్కులు వచ్చాయి, మొన్నటి పరీక్షలో 61కి పడిపోయాయి. ఇప్పుడు పది రోజుల ఎన్‌సీసీ క్యాంపు ఉందట, హెడ్మాస్టరు గారు పంపమంటున్నారు. వయసొచ్చిన ఆడపిల్లను అన్ని రోజులు బయటికి ఎలా పంపుతావని మా అన్నదమ్ములు అడ్డం పడుతున్నారు. బడి అంటే పాఠాలు చెప్పాలి గాని ఈ పనులన్నీ ఎందుకు? పట్నంలో ఉదయం ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా చదివించే హాస్టల్ స్కూలు ఒకటి ఉంది. పదో తరగతికి అందులో వేద్దామా అని ఆలోచిస్తున్నాను. ఏడో తరగతి చదివే మా అబ్బాయిని కూడా అక్కడికే మార్చాలా? అన్నట్టు, ఒకరోజు పిల్లల చేత తరగతి గది ఊడ్పించారని కూడా తెలిసింది. సలహా ఇవ్వగలరు.
– ఒక తండ్రి

సమాధానం: మీరు అడిగినవాటిలో రెండింటికి జవాబు ముందే చెప్పేస్తాను. క్యాంపుకు పంపండి. బడి మార్చకండి. ఇక రాయబోయేదంతా ఎందుకలా అంటున్నానో చెప్పడానికే. అలాగని మీ అనుమానాలను కొట్టిపారేయడం లేదు. వాటిలో ఒకటి చాలా గట్టిది. దాన్ని మీరు ఉత్తరం చివర ‘అన్నట్టు’ అని ఒక్క వాక్యంలో తేల్చేశారు. గది ఊడ్పించిన సంగతి. దానికి కాస్త ఆగి వస్తాను.

ముందు ఆ 61 సంగతి చూద్దాం. ఆటల వల్లే మార్కులు తగ్గాయని మీరు తీర్మానించుకున్నట్టున్నారు. కావచ్చు, కాకపోనూవచ్చు. తొమ్మిదో తరగతి గణితానికీ ఎనిమిదో తరగతి గణితానికీ చాలా తేడా ఉంది. అంతదాకా లెక్క చేసి జవాబు రాబట్టిన పిల్లలకు తొమ్మిదిలో బహుపదులు ఎదురవుతాయి, జ్యామితిలో ‘నిరూపించండి’ అనే ప్రశ్నలు మొదలవుతాయి. జవాబు ముందే ఇచ్చేసి, అది ఎందుకు నిజమో చెప్పమంటారు. ఎన్‌సీసీ వైపు కన్నెత్తి చూడని పిల్లలకు కూడా ఇక్కడ పదీ పదిహేను మార్కులు జారడం టీచరుగా ఉద్యోగం చేసినన్నాళ్లూ చూశాను. కాబట్టి ఒక పని చేయండి. ఆ జవాబుపత్రాన్ని ఇంటికి తెమ్మనండి. మీకు గణితం రాకపోయినా ఫర్వాలేదు. మార్కులు ఏ ప్రశ్నల్లో పోయాయో, అవి ఏ పాఠంలోవో ఆమెనే చెప్పమనండి. పోయినవన్నీ ఒకే పాఠంలో ఉంటే, ఆ పాఠం చెప్పిన రోజుల్లో ఆమె టోర్నమెంటుకు వెళ్లిందా అని అడగండి. వెళ్లి ఉంటే మందు తేలికే. గణితం సారును కలిసి ఆ ఒక్క పాఠం మళ్లీ చెప్పమని అడగాలి. అడిగితే కాదనే సారును నేను పెద్దగా చూడలేదు. అలా కాక మార్కులు అన్ని చోట్లా కొంచెం కొంచెంగా పోయి ఉంటే, పిల్లకు అభ్యాసం చాలడం లేదు, సాయంత్రానికి అలసిపోతోంది. అప్పుడు ఇంటికి చేరే వేళ గురించి ఆలోచించాలి.

ఆ వేళ విషయంలో నేను పూర్తిగా మీ వైపే. ఆరున్నర అంటే చలికాలంలో చీకటి పడిపోతుంది. బడి వదిలాక ఒక గంట సాధన చేస్తే ఏ హైస్కూలు జట్టుకైనా చాలు. పీఈటీ (వ్యాయామ ఉపాధ్యాయుడు) సారును కలిసి ఆడపిల్లల సాధన ముందు, మగపిల్లలది తర్వాత పెట్టమని అడగండి. లేదంటే ఉదయం ప్రార్థనకు ముందు పెట్టమనండి. మీ ఊరి నుంచి వెళ్లే పిల్లలు ఇంకా ఉంటే, ఆ తల్లిదండ్రులతో కలిసి వెళ్లి అడగండి. ఒక్కరు అడిగితే ఫిర్యాదులా వినిపిస్తుంది. నలుగురు కలిసి వెళ్తే టైంటేబుల్ మారుతుంది. బస్సు వేళ కుదరకపోతే ఆర్టీసీ డిపో మేనేజరుకు హెడ్మాస్టరు చేత ఉత్తరం రాయించండి. విద్యార్థుల కోసం బస్సు వేళను పావుగంట అటూ ఇటూ జరపడం కొత్త విషయమేమీ కాదు.

ఇక క్యాంపు. హైస్కూలు పిల్లలకు ఎన్‌సీసీ జూనియర్ విభాగం రెండేళ్లు ఉంటుంది. ఎనిమిదిలో చేరింది కాబట్టి మీ అమ్మాయికి ఈ ఏడాదితో అది పూర్తవుతుంది. చివర ‘ఏ’ సర్టిఫికెట్ పరీక్ష ఉంటుంది. ఆ పరీక్షకు కూర్చోవాలంటే పెరేడ్లకు 75 శాతం హాజరు ఉండాలి, ఒక క్యాంపు చేసి ఉండాలి. అంటే ఇప్పుడు క్యాంపు ఆపితే, రెండేళ్లుగా ఎండలో బూట్లు అరగదీసినదంతా చివరి మెట్టు దగ్గర వదిలేసినట్టే. పంపితే, పదో తరగతి మొదలయ్యేనాటికి ఎన్‌సీసీ పని దానంతటదే ముగిసిపోతుంది. చదువుకు అడ్డం వస్తుందన్న మీ బెంగలో సగం అక్కడే తీరిపోతుంది. హెడ్మాస్టరు గారు మీకు ఈ లెక్క విడమరచి చెప్పి ఉండాల్సింది.

క్యాంపులో తెల్లవారుజామున వ్యాయామం, తర్వాత డ్రిల్లు, పటం చూసి దారి పట్టుకోవడం, ప్రథమ చికిత్స, పాయింట్ 22 రైఫిల్‌తో గురి చూసి కాల్చడం, రాత్రి పాటలు, నాటికలు ఉంటాయి. పొద్దున తన పక్క తనే సర్దుకుంటుంది, పళ్లెం తనే కడుక్కుంటుంది. వేరే జిల్లాల పిల్లలతో కలిసి వరసలో నిలబడుతుంది. అమ్మాయిల వెంట మహిళా సిబ్బంది ఉంటారు. అయినా సరే, సంతకం పెట్టే ముందు బడికి వెళ్లి కొన్ని ప్రశ్నలు అడగండి. మన బడి నుంచి వెంట వెళ్లే టీచరమ్మ ఎవరు? పిల్లలు పడుకునేది ఎక్కడ? ఇంటికి ఫోను ఎప్పుడు చేయనిస్తారు? నెలసరి వస్తే, జ్వరం వస్తే ఎవరికి చెప్పాలి? ఇవి అడిగితే బడిని అనుమానించినట్టు కాదు. వీటికి తడుముకోకుండా జవాబు చెప్పలేకపోతే ఆ పిల్లను పంపవద్దనే నేనూ అంటాను.

మీ అన్నదమ్ముల మాటకొస్తే, ఒక చిన్న సందేహం. వయసొచ్చిన పిల్లను పది రోజులు పంపవద్దంటున్నారు. మరి ఏడాది పొడవునా పట్నంలో హాస్టల్లో ఉంచుతానంటే ఎవరూ అభ్యంతరం చెప్పినట్టు మీ ఉత్తరంలో లేదు. ఈ తేడా ఎందుకో ఒకసారి వాళ్లనే అడిగి చూడండి.

సర్టిఫికెట్ వల్ల ఏం లాభమని కూడా మీ మనసులో ఉండే ఉంటుంది. మన రాష్ట్రంలో ఇంజినీరింగ్ ప్రవేశాల్లో ఎన్‌సీసీ వాళ్లకు 1 శాతం, క్రీడాకారులకు 0.5 శాతం సీట్లు కేటాయించారు. అయితే దాన్ని చూసి పంపమని చెప్పను. ఆ కొద్ది సీట్ల కోసం పెద్ద క్యాంపులు చేసినవాళ్లు, జాతీయ స్థాయిలో పతకాలు తెచ్చినవాళ్లు వరసలో ముందుంటారు. హైస్కూలు ‘ఏ’ సర్టిఫికెట్ ఒక్కదానితో సీటు వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. పిల్లలను ఇలాంటి ఆశ చూపి పెరేడ్‌కు తీసుకెళ్లే బడులు ఉన్నాయి. అది నాకు నచ్చదు.

మరి దేనికోసం పంపాలి? మీరు అడిగిన అసలు ప్రశ్న ఇదే. నాకు తెలిసిన రెండు సంగతులు చెబుతాను.

ఒకటి ఖోఖో. మీరు చిన్నప్పుడు ఆడే ఉంటారు. తరిమే జట్టులో ఎనిమిది మంది వరసగా, ఒకరు ఇటు తిరిగితే పక్కవారు అటు తిరిగి కూర్చుంటారు. తొమ్మిదో అమ్మాయి తరుముతుంది. ఆమె వెనక్కి తిరగకూడదు, కూర్చున్నవారి మధ్య నుంచి అటు పక్కకు దూరకూడదు. పట్టుబడాల్సిన పిల్ల అటు దాటిపోయిందంటే, తరిమే అమ్మాయి చేయగలిగింది ఒక్కటే. అటు తిరిగి కూర్చున్న అమ్మాయి వీపు తట్టి, వినపడేలా ‘ఖో’ అని, తన పరుగును ఆమెకు ఇచ్చేసి అక్కడ కూర్చోవాలి. ఇంకో రెండడుగులు వేస్తే నేనే అంటుకుంటాను అనుకున్న క్షణంలోనే ఆట పోతుంది. బాగా ఆడే జట్టును గమనించండి. అందరికన్నా వేగంగా పరిగెత్తే పిల్ల ఉన్న జట్టు కన్నా, సమయానికి ఖో ఇచ్చే పిల్లలున్న జట్టు గెలుస్తుంది. ఔట్ చేసిన పిల్ల పేరు స్కోరు కాగితంలో పడుతుంది. ఖో ఇచ్చి కూర్చున్న పిల్ల పేరు ఎక్కడా పడదు. ఆ విషయం తెలిసి కూడా సరైన క్షణంలో కూర్చోగలగడం పద్నాలుగేళ్ల వయసులో అంత తేలికైన సంగతేమీ కాదు. దీన్ని నేను ఏ పాఠంలోనూ చెప్పలేకపోయాను. తెలుగు వాచకంలో ఐకమత్యం మీద వ్యాసం రాయించాను. పిల్లలు బాగానే రాశారు, మార్కులు వేశాను. ఆ సాయంత్రమే మైదానంలో వాళ్లే ఒకరికొకరు ఖో ఇవ్వకుండా ఓడిపోయి వచ్చారు.

రెండోది మధ్యాహ్న భోజనం లెక్క. నేను పనిచేసిన ఒక హైస్కూల్లో ఈ లెక్క పిల్లల కమిటీ చూసేది. ఆరో తరగతి నుంచి ఒక్కొక్కరికి 150 గ్రాముల బియ్యం. మొదటి పీరియడ్ అయ్యాక ఒక పిల్లవాడు అన్ని తరగతులూ తిరిగి ఎంతమంది వచ్చారో రాసుకుని, కూడి, ఎన్ని కిలోలు తూచాలో వంటమ్మకు చెప్పాలి. ఆ ఏడాది ఈ పని ఒక తొమ్మిదో తరగతి కుర్రాడికి పడింది. గణితం అంటే అతనికి హడల్. మొదటి వారంలోనే ఒకరోజు 182 మంది వచ్చారు. అతను వంటగది దగ్గరికి వెళ్లి ‘18 కిలోల 200 గ్రాములు’ అన్నాడు. వంటమ్మ ఏనాడూ బడికి వెళ్లిన మనిషి కాదు. ‘నిన్నటికన్నా పిల్లలు ఎక్కువ వచ్చారంటున్నావు, బియ్యం తక్కువ ఎలా అవుతాయి బాబూ?’ అంది. కుర్రాడు బస్తా పక్కనే చతికిలబడి, బొగ్గు ముక్కతో గచ్చు మీద మళ్లీ వేశాడు. ప్రాథమిక పాఠశాల పిల్లలకు ఇచ్చేది 100 గ్రాములు. ఆ పాత లెక్కతోనే గుణించాడు. రెండోసారి 27 కిలోల 300 గ్రాములు వచ్చింది. తేడా తొమ్మిది కిలోల పైమాటే. అంటే సుమారు అరవై మందికి అన్నం ఉండేది కాదు. ఆ అరవై మందీ ఎవరో అతనికి తెలుసు. చివరి గంట కొట్టాక వచ్చి వరస వెనక నిలబడే ఆరో తరగతి పిల్లలు.

నోటుబుక్కులో లెక్క తప్పితే ఎర్ర సిరా పడుతుంది, నష్టం తనొక్కడికే. ఇక్కడ తప్పితే ఇంకొకరి పళ్లెం ఖాళీ. ఆ కుర్రాడికి పదో తరగతి గణితంలో నూటికి నూరు వచ్చాయని రాస్తే బాగుండేది గాని, రాలేదు. గట్టెక్కేటన్ని వచ్చాయి. కానీ లెక్క వేశాక ఒకసారి సరిచూసుకోవడం, ‘ఇది ఇంతే ఉండాలా?’ అని తనను తానే అడగడం ఆ వంటగది గుమ్మం దగ్గరే అలవడింది. నేను అదే మాట తరగతిలో ఎన్నోసార్లు చెప్పాను. పని చేయలేదు.

అందుకే తరగతి బయటి పనుల్ని నేను ఒక్క ప్రశ్నతో తూస్తాను. పని ఎవరి చేతిలో ఉంది? పిల్ల తప్పు చేస్తే అది కనిపిస్తుందా, దాన్ని ఆమే దిద్దుకోవాల్సి వస్తుందా? అలాగైతే అది చదువే. పనంతా టీచర్లు చేసి పిల్లలను ఫొటోకు నిలబెడితే, అది చదువూ కాదు, ఆటా కాదు. తరగతి గంటలు తినేసే తతంగం.

ఈ ప్రశ్న పట్టుకుని చూస్తే మీ అమ్మాయి లీడరు పదవి ఏ రకమో మీకే తెలిసిపోతుంది. ఆమెను అడగండి: లీడరుగా నువ్వు చేసే పని ఏమిటి? ‘ప్రార్థనలో అటెన్షన్, స్టాండ్ ఎటీజ్ చెబుతాను, సార్ల చాక్‌పీసులు తెస్తాను, మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాస్తాను’ అంటే, నిజం చెప్పాలంటే అది లీడరు పని కాదు, అటెండరు పని. ఆ పేర్లు రాయడం నాకు బొత్తిగా ఇష్టం లేదు. పిల్లలకు తోటివాళ్ల మీద చాడీలు చెప్పడం నేర్పుతుంది. అలా కాక బాలసభకు ఎవరు ఏం మాట్లాడాలో ఆమె ఏర్పాటు చేస్తుంటే, తాగునీటి ట్యాంకు కడగలేదని హెడ్మాస్టరు దగ్గరికి వెళ్లి చెబుతుంటే, పాడైపోయిన ఫ్యాను సంగతి మూడుసార్లు గుర్తు చేసి బాగుచేయిస్తుంటే, ఆ పదవిని ఉంచుకోనివ్వండి. మొదటి రకమైతే వదిలేయమనండి, నష్టం లేదు. మూడింటిలో ఒకటి తగ్గితే సాయంత్రం ఒక గంట మిగులుతుంది. అయితే ఏది వదలాలో ఆమె తేల్చుకోనివ్వండి. మీరు తేలిస్తే అలుగుతుంది. తను తేల్చుకుంటే ఆ గంటలో గణితం చేస్తుంది.

ఇప్పుడు ఊడ్పించిన సంగతి. కొందరు టీచర్లు దీన్ని ‘శ్రమ గౌరవం’ అంటారు. కొందరు తల్లిదండ్రులు ‘మా పిల్లలు చదువుకోవడానికి వచ్చారా, ఊడవడానికి వచ్చారా’ అంటారు. రెండు మాటలూ పూర్తి నిజం కాదు. తాము కూర్చునే గదిని తాము శుభ్రం చేసుకోవడంలో తప్పు లేదు. కానీ చీపురు ఎవరి చేతికి వచ్చిందో చూడాలి. అందరూ వంతులవారీగా ఊడుస్తున్నారా? మగపిల్లలకూ వంతు ఉందా? టీచరు కూడా ఎప్పుడైనా ఒక చెయ్యి వేస్తారా? ఈ మూడింటికీ అవుననే జవాబు వస్తే ఊరుకోండి. ఆడపిల్లలే ఊడుస్తుంటే, వెనకబడ్డ వాడల పిల్లలకే ఆ పని పడుతుంటే, శిక్షగా ఊడ్పిస్తుంటే, మరుగుదొడ్లు కడిగిస్తుంటే మాత్రం ఊరుకోవద్దు. పిల్లలను శారీరకంగా శిక్షించడం, మానసికంగా వేధించడం 2009 విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం నిషిద్ధం. ముందు హెడ్మాస్టరు గారిని కలవండి. వారు పట్టించుకోకపోతే మండల విద్యాధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి. 1098 పిల్లల సహాయవాణి కూడా ఉంది. బడి మంచిదైనా ఈ ఒక్క విషయంలో మొహమాటపడకండి. పిల్లలకు పని నేర్పే పేరుతో కులాన్ని నేర్పే బడి ఏ పాఠం చెప్పినా వృథాయే.

అదే చట్టం 29వ సెక్షన్‌లో పిల్లల సర్వతోముఖ వికాసం, చేస్తూ నేర్చుకోవడం, వెతికి తెలుసుకోవడం అని ఉంది. 2020 జాతీయ విద్యా విధానం ఇంకో అడుగు ముందుకేసి, పాఠ్యాంశాలు వేరు, సహపాఠ్య కార్యక్రమాలు వేరు అనే గీతే వద్దంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య ఒక పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగి దగ్గరో, తోటమాలి దగ్గరో, కుమ్మరి దగ్గరో పని నేర్చుకోవాలని చెప్పింది. ‘బడి అంటే పాఠాలు చెప్పాలి గాని’ అని మీరన్నారు కాబట్టి ఇవి గుర్తు చేస్తున్నాను. ఇవి బడి మీకు చేస్తున్న అదనపు ఉపకారం కాదు, దాని బాధ్యతే. కాగితం మీద ఉన్నదానికీ గేటు లోపల జరిగేదానికీ ఎంత దూరమో మీకూ తెలుసు, నాకూ తెలుసు. తొమ్మిది, పది తరగతుల్లో గేమ్స్ పీరియడ్‌ను గణితం సారో సైన్స్ సారో లాగేసుకోవడం దాదాపు ప్రతి బడిలో ఉన్నదే. నేను ఆ సార్లను తప్పుపట్టను. ఫలితాలు తగ్గితే మెమో వచ్చేది వాళ్లకు. మైదానం గడ్డి పట్టిందని ఎవరికీ మెమో రాదు.

మార్కులు పెడితే ఇవన్నీ బాగుపడతాయని కొందరు అంటారు. అదీ చూశాం. 2014-15 నుంచి మన దగ్గర పదో తరగతిలో ఒక్కో సబ్జెక్టుకు 80 మార్కులు రాత పరీక్షకు, 20 మార్కులు అంతర్గత మూల్యాంకనానికి పెట్టారు. ప్రాజెక్టులు, రాతపనులు, భాగస్వామ్యం అన్నీ ఆ 20లో ఉన్నాయి. ఫలితం ఏమిటంటే, స్టేషనరీ దుకాణాల్లో తయారు ప్రాజెక్టులు అమ్మకానికి వచ్చాయి. పిల్లలు కొన్నారు, మేము చూసీ చూడనట్టు మార్కులు వేశాం. 2024 నవంబరులో ఆ 20 మార్కులను ఎత్తేస్తున్నట్టు ఉత్తర్వు ఇచ్చి, వెంటనే వెనక్కి తగ్గి వాయిదా వేశారు. ఉంచినా తీసేసినా, దుకాణంలో కొన్న ప్రాజెక్టు పిల్లకు నేర్పేది ఏమీ లేదు.

మీ అబ్బాయి గురించి పెద్దగా రాయలేదు. ఏడో తరగతి కదా, ఇన్‌స్పైర్ మానక్ గురించి బడిలో అడగండి. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ ఈ పథకం నడుపుతోంది. ప్రతి బడి నుంచి పిల్లల సొంత ఆలోచనలు ఐదింటిని ఆన్‌లైన్‌లో పంపవచ్చు. ఎంపికైతే నమూనా తయారు చేయడానికి పిల్లవాడి ఖాతాలో 10,000 రూపాయలు వేస్తారు. తర్వాత జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయి ప్రదర్శనలు. మీది వ్యవసాయ కుటుంబం, మీ అబ్బాయికి కనిపించే ఇబ్బందులు పట్నం పిల్లవాడికి కనిపించవు. మోటారు దగ్గర రాత్రిపూట కరెంటు వచ్చిందో లేదో చూడడానికి మీరెన్నిసార్లు లేస్తారో వాడికి తెలుసు. వాళ్లమ్మ గంటల తరబడి వంగి కూర్చుని బీడీలు చుడితే నడుము ఎలా పడుతుందో వాడికి తెలుసు. అక్కడి నుంచే ఆలోచన రావాలి. థర్మోకోల్‌తో అగ్నిపర్వతం మాత్రం చేయనివ్వకండి. ప్రతి సైన్స్ ఫెయిర్‌లో అరడజను అగ్నిపర్వతాలు పొగలు కక్కుతూ ఉంటాయి, మన జిల్లాలో ఒక్కటీ లేకపోయినా. వచ్చే ఏడాది ఎనిమిదికి వచ్చాక ఎన్ఎంఎంఎస్ అనే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పరీక్ష కూడా రాయించండి. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటని, ప్రభుత్వ బడుల్లో చదివే పిల్లలకు అది తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు ఇస్తుంది. బడి మార్చాలా వద్దా అని ఆలోచించేటప్పుడు ఈ లెక్క కూడా వేసుకోండి. ప్రైవేటు బడికి మారితే ఆ అర్హత పోతుంది.

మీ వైపు వాళ్లకు మాలావత్ పూర్ణ పేరు చెప్పనక్కరలేదు. నిజామాబాద్ జిల్లా సిరికొండ మండలం పాకాల పిల్ల. తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు 13 ఏళ్ల 11 నెలలు. నేపాల్ వైపు నుంచి 16 ఏళ్లు నిండనివారిని ఎక్కనివ్వరు కాబట్టి టిబెట్ వైపు నుంచి వెళ్లారు. ఖమ్మం జిల్లా నుంచి వచ్చిన ఆనంద్ కుమార్ అనే గురుకుల విద్యార్థి కూడా అదే బృందంలో శిఖరం చేరాడు. వాళ్లు మొదట తాళ్లు పట్టుకుని ఎక్కడం నేర్చుకున్నది భువనగిరి కోట రాతిగుట్ట మీద. వరంగల్ వైపు కల్లెడ అనే ఊరుంది. ఆ ఊరి బడి నుంచే 2008 బీజింగ్ ఒలింపిక్స్‌కు విలుకత్తె ప్రణీత వెళ్లింది. అదే ఊరి పిల్ల దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్ 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. ఆమె పరుగును మొదట పట్టుకున్నది బడి వ్యాయామ ఉపాధ్యాయుడే.

ఇలాంటి కథలు చెప్పి తల్లిదండ్రులను ఊరించడం నాకు అలవాటు లేదు. వేలమందిలో ఒకరికి దక్కేది అది. మీ అమ్మాయి ఖోఖోలో జిల్లా దాటి వెళ్లకపోవచ్చు. అయితే ఆ కథల్లో అందరూ దాటేసే ఒక చిన్న విషయం ఉంది. పూర్ణ అయినా దీప్తి అయినా ముందు ఎవరో ఒక టీచరు కంట పడ్డారు. బల్ల మీద తల వంచుకుని రాస్తున్న పిల్ల కాళ్లలో ఏముందో ఎవరికి కనిపిస్తుంది? పరిగెత్తమంటేనే కదా తెలిసేది. అది పరుగే కానక్కరలేదు. నలుగురిని ఒప్పించే మాట కావచ్చు, పాడైన మైకును విప్పి బాగుచేసే చేతులు కావచ్చు. ఉదయం ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా పుస్తకం ముందే కూర్చోబెట్టే చోట పిల్లలో ఇంకేమైనా ఉందా అని చూసే తీరిక ఎవరికుంటుంది?

హాస్టల్ స్కూళ్లన్నీ చెడ్డవని చెప్పడం లేదు. అక్కడా శ్రద్ధగల టీచర్లున్నారు, అక్కడ చదివి పైకొచ్చినవాళ్లున్నారు. మీ అమ్మాయి తనంతట తాను, ‘నాన్నా, నేను పోటీ పరీక్షకే కూర్చుంటాను, నన్ను అక్కడ వేయి’ అని ఉంటే నా జవాబు వేరేగా ఉండేది. మీ ఉత్తరంలో ఆమె మాట ఒక్కటీ లేదు. క్యాంపుకు వెళ్లాలని ఉందో లేదో కూడా రాయలేదు. ముందు అడగండి. ఆమెకే ఇష్టం లేకపోతే నేను రాసినదంతా పక్కన పెట్టేయవచ్చు.

వెళ్తానంటే ఈ పది రోజుల పాఠాలు ఎలా పూడ్చుకుంటావని అడగండి. ఏ స్నేహితురాలి నోట్సు తీసుకుంటుందో, వచ్చాక ఏ సారును కలుస్తుందో ఆమె కాగితం మీద రాసి చూపించాకే సంతకం పెట్టండి. తర్వాత పరీక్షలో గణితం ఇంకా కిందికి పోతే, ఈ ఏడాదికి ఖోఖో ఆపుకోమని ముందే ఒప్పందం చేసుకోండి. ఆమె ఒప్పుకుంటుందనే అనుకుంటున్నాను. లీడరు కదా.

ఇంత చెప్పినా బడి మార్చాలనే ఉంటే ఏడాది మధ్యలో వద్దు, జూన్‌లో మార్చండి. డబ్బు కట్టే ముందు ఆ బడికి ఒకరోజు సాయంత్రం వెళ్లి, మైదానం ఎక్కడుందో చూపించమనండి. పీఈటీ ఉన్నారా, వారానికి ఎన్ని గంటలు పిల్లలు బయటికి వస్తారు, ఇంటికి ఫోను ఎన్నాళ్లకోసారి చేయనిస్తారు, మార్కులు తగ్గిన పిల్లను ఏం చేస్తారు అని అడగండి. వాళ్లు చెప్పిన జవాబులు అమ్మాయికి కూడా వినిపించాకే ఇక్కడ టీసీకి దరఖాస్తు పెట్టండి.